పంట అప్పు పంటకే, ఇంటి ఖర్చుకు వేరే దారి



ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. మీరు కొత్త ఇల్లు కట్టబోతున్నా, పాత పెంకుటిల్లు విప్పి స్లాబు వేయబోతున్నా, మేస్త్రీతో కొలతలు మాట్లాడక ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని డబ్బు లెక్క చూసుకోవాలి. ఆ లెక్క గురించే ఈనాడు నాలుగు మాటలు మనవి చేస్తాను.

మొదటి మాట: పంట కోసం తెచ్చిన అప్పును గోడల్లో పెట్టకండి. తొలకరికి ముందు కిసాన్ క్రెడిట్ కార్డు మీద 1 లక్ష రూపాయలు చేతికి వచ్చాయనుకుందాం. “ముందు స్లాబు వేసేద్దాం, విత్తనాలు, ఎరువులు కొట్లో అరువు తెచ్చుకుందాం” అని ఎవరికైనా అనిపిస్తుంది. కాని లెక్క చూడండి. పంట అప్పును గడువులోగా కడితే వడ్డీ రాయితీలన్నీ పోగా నూటికి ఏడాదికి 4 రూపాయలే పడుతుంది. అంటే లక్షకు 4 వేలు. అదే లక్ష ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 24 వేలు. తేడా 20 వేలు! పైగా అరువిచ్చిన వ్యాపారికే, ఆయన చెప్పిన ధరకే పంట తోలవలసి వస్తుంది.

గడువు దాటితే రాయితీ పోతుంది. రెండు పంట కాలాలు దాటినా కట్టకపోతే, స్వల్పకాలిక పంటల అప్పును బ్యాంకు మొండిబాకీగా రాసుకుంటుంది. ఇక మరుసటి పంటకు అప్పు ఎక్కడ పుడుతుంది? ఇల్లు నిలబడుతుంది గాని, సేద్యం కూలబడుతుంది.

మరి ఇంటికి డబ్బు ఎట్లా? ముందుగా ప్రభుత్వ సహాయం సంగతి. తెలంగాణాలో 2024 మార్చిలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకంలో సొంత స్థలం ఉన్న అర్హులైన పేదలకు 5 లక్షలు ప్రకటించారు. అప్పటి విధానం ప్రకారం పునాది లేస్తే 1 లక్ష, గోడలు పైకప్పు మట్టానికి వస్తే 1 లక్ష, స్లాబు పడితే 2 లక్షలు, ఇల్లు పూర్తయితే 1 లక్ష. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. పని అయిన తరువాతనే డబ్బు వస్తుంది. కనుక పునాది ఖర్చు ముందే మీ చేతిలో ఉండాలి. అది లేకుండా ముగ్గు పోస్తే మొదటి రోజే వడ్డీ వ్యాపారి గడప తొక్కవలసి వస్తుంది.

రెండోది, ఇంటి ఆడవారి పొదుపు సంఘం. సక్రమంగా కట్టే సంఘాలకు 3 లక్షల వరకు 7 శాతం వడ్డీకే బ్యాంకు అప్పు దొరికే ఏర్పాటు ఉంది. అయితే అది సంఘం మొత్తానికి ఇచ్చే అప్పు. మీ వాటా ఎంతో, నెల కిస్తీ ఎంతో ముందే అడగండి. కిస్తీ తప్పితే తోటి అక్కచెల్లెళ్ళకు కూడా ఇబ్బంది.

మూడోది, బ్యాంకు గృహరుణం. దీనికి స్థలం కాగితాలు, పంచాయతీ అనుమతి అడుగుతారు. గ్రామకంఠంలోని పాత స్థలాలకు చాలాచోట్ల రిజిస్టరు దస్తావేజు ఉండదు. కాబట్టి ఇల్లు విప్పక ముందే ఆ సంగతి బ్యాంకులో తేల్చుకోండి. కిస్తీలు పంట చేతికొచ్చే నెలలకు కుదురుతాయేమో కూడా అడిగి చూడండి.

ఇక అన్నింటికంటె చౌక అయిన పెట్టుబడి మీ చేతుల్లోనే ఉంది. యాసంగి కోతలయ్యాక పునాది లేపండి. లోపలికి మట్టి మీ బండితోనే తోలుకోండి. ఒక వానకాలం గడిస్తే ఆ మట్టి చక్కగా దిగి గట్టిపడుతుంది. తరువాతి పంట డబ్బుతో గోడలు, స్లాబు ఎత్తుకోవచ్చు. పథకం ఇల్లయితే వారు పెట్టిన గడువు దాటకుండా చూసుకోవాలి. పని ఆపితే పునాది దగ్గర ఆపండి గాని, గోడలు సగంలో ఆపకండి. బయటికి వదిలిన ఇనుప చువ్వలకు తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూయండి. పాత ఇంటి టేకు తలుపులు, దూలాలు పారేయకండి. సున్నాలు, రంగులు మరో ఏడు వేసుకున్నా ఇంటికి లోటు లేదు.

ఒక నోటు పుస్తకంలో రెండు పేజీలు గీయండి. ఒకటి పంటకు, ఒకటి ఇంటికి. ఆ పేజీ డబ్బు ఈ పేజీలోకి రానివ్వకండి. ఇల్లు ఒక ఏడు ఆలస్యమైనా ఫరవాలేదు. అదను తప్పిన పైరు మాత్రం తిరిగి రాదు.