ఉపాధ్యాయుల కొఱత – అర్హతల సడలింపు
(వార్షిక మహాసభయందు విద్యావిషయమున చేసిన ఉపన్యాసము)

  

ఈ మహాసభయందు విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు విన్నవింపవలసినదిగా కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము కోరిరి. విద్యాప్రశంస ఈ వేదికకు క్రొత్తది గాదు. కావున దానిని విడిచి, ఒక్క ప్రశ్నను మాత్రము తమ యెదుట నుంచుచున్నాము. బడిలో పంతులు లేనప్పుడు, పంతులగుటకు విధింపబడిన అర్హతలను తగ్గించి, దొరికినవారిని ఆ కుర్చీయందు కూర్చుండబెట్టుట తగునా, తగదా?

ఇది ప్రభుత్వము విచారింపవలసిన విషయము, కులసంఘమున కేల యని కొందరు తలంపవచ్చును. అందుకు రెండు కారణములు గలవు. ఉద్యోగము లేని యువకులు ఏ సంఘమునందైనను ఉందురు. వారికొఱకు అర్హతలను సడలింపుడని అధికారులకు అర్జీలు పెట్టుట సంఘనాయకులకు సులభమైన ఉపకారముగా కనుపించును. ఇది మొదటి కారణము. ఆ సడలింపుచే కొలువు దొరకినవాడు ఏ బడిలో కూర్చుండును? పట్టణమున ఫీజు కట్టగల వారి బిడ్డలున్న బడిలో గాదు. పల్లెలో, తండాలో, కూలివారి వాడలో నున్న బడిలోనే. మన బంధువర్గములోని బీదవారి బిడ్డలును అచ్చటనే చదువుచున్నారు. ఇది రెండవ కారణము. ఒక చేతితో మన యువకునికి ఇచ్చినదానిని రెండవ చేతితో మన పసివానినుండి తీసికొనుచున్నామేమో యని మనము విచారింపవలయును.

మొదట సడలింపు పక్షమువారి వాదమును న్యాయముగా విందము. కేంద్రప్రభుత్వపు 2024–25 లెక్కల ప్రకారము దేశమున 1,04,125 పాఠశాలలు ఒక్క పంతులుతో నడుచుచున్నవి. వానియందు 33 లక్షలకు పైగా పిల్లలు చదువుచున్నారు. అట్టి బడులు అన్ని రాష్ట్రములకంటె ఆంధ్రప్రదేశమునందే హెచ్చు. వాని సంఖ్య 12,912. ఒక్క పంతులు అయిదు తరగతులకు అక్షరములు దిద్దించి, లెక్కలు చెప్పి, భోజనపు లెక్కలు వ్రాసి, కార్యాలయము కోరిన పట్టికలు నింపవలయును. ఆయనకు జ్వరము వచ్చినచో బడికి తాళము పడును. ఇట్టిచోట, పట్టము లేకున్నను ఊరిలోని చదువుకొన్న పిల్లవాడు వచ్చి కూర్చున్న మేలు గాదా యని వారందురు. ఈ వాదము త్రోసివేయదగినది గాదు.

దానికి బలమిచ్చు నిదర్శనము మన యాంధ్రదేశముననే కలదు. 2005వ సంవత్సరమున ఆరంభించి, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను పరిశోధకులు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 100 గ్రామీణ పాఠశాలలకు ఒక్కొక్క ఒప్పంద ఉపాధ్యాయుని అదనముగా ఇచ్చి, రెండేండ్లు ఫలితములను పరీక్షించిరి. ఈ ఒప్పంద ఉపాధ్యాయులు అర్హతలయందు తక్కువవారు. వారి వేతనము స్థిరోద్యోగుల వేతనములో అయిదవ వంతునకు మించదు. ఐనను ఆ బడుల పిల్లలు లెక్కలయందును భాషయందును ఇతర బడుల పిల్లలకంటె మెఱుగైరి. స్థిరోద్యోగులు నూటికి 27 పాళ్లు గైరుహాజరు కాగా, ఒప్పందమువారు 18 పాళ్లు మాత్రమే గైరుహాజరైరి. ఇది యథార్థము, దీనిని దాచి వాదించుట మాకు సమ్మతము గాదు.

కాని ఆ నిదర్శనము చెప్పున దేమి? అచ్చట క్రొత్తవాడు పాతవాని స్థానమున గాక, పాతవానికి తోడుగా వచ్చెను. ప్రతిదినము బడికి వచ్చువాడు, ఊరివారికి జవాబు చెప్పువాడు పిల్లలకు మేలు చేయునని అది చాటుచున్నది. శిక్షణ యనవసరమని గాని, అయిదవ వంతు జీతముపై ఒక మనుష్యుడు ముప్పదియేండ్లు బ్రదుకగలడని గాని అది చెప్పుట లేదు.

ఇక పూర్వకాలమును జూతము. చెన్నరాజధాని దినములలో ఎనిమిదవ తరగతి ముగించి శిక్షణ పొందినవారు హయ్యరు ఎలిమెంటరీ గ్రేడు పంతుళ్లు. స్కూలు ఫైనలు ముగించి శిక్షణ పొందినవారు సెకండరీ గ్రేడు పంతుళ్లు. ఆ రెండవ పేరు నేటికిని మన ప్రాథమికోపాధ్యాయులకు నిలిచియే యున్నది. ఎనిమిదవ తరగతి చదివినవానికి కూడ నాడు పంతులగుటకు ద్వారము తెఱచియుండెను. అంతమాత్రమున పూర్వులు అర్హతలను లెక్కచేయలేదని అనుకొనరాదు. వారు చదువు విషయమున గడపను దించిరి గాని, శిక్షణ విషయమున దింపలేదు. చదువు తక్కువైనవానిని తీసికొని, ట్రెయినింగు స్కూలులో ఉంచి, పిల్లవానికి పాఠము చెప్పు విధమును నేర్పి, ఆ పిమ్మటనే బడికి పంపుచుండిరి. గడప దించుట వేఱు, మెట్లు తీసివేయుట వేఱు. మా ఉపన్యాససారమంతయు ఈ ఒక్క మాటలోనే యున్నది.

ఎక్కువ చదివినవాడు చిన్నపిల్లలకు తప్పక మంచి పంతులగునను భ్రమయు కలదు. 2018 జూన్ 28వ తేదీని జాతీయ ఉపాధ్యాయవిద్యా మండలి బి.ఎడ్. పట్టము గలవారు కూడ ప్రాథమిక తరగతులకు అర్హులని ప్రకటించెను. నియమింపబడిన పిమ్మట ఆఱు నెలల వారధి శిక్షణ పొందిన చాలుననెను. 2023 ఆగస్టు 11వ తేదీని సుప్రీముకోర్టు దానిని చెల్లదని తీర్పు చెప్పెను. బి.ఎడ్. పెద్ద తరగతుల బోధనకు ఏర్పడినదనియు, అక్షరములు దిద్దు శిశువునకు వేఱు బోధన కావలెననియు, ఆ శిక్షణ డి.ఎడ్. చదివినవారికే కలదనియు ఆ తీర్పు సారము. ఇచ్చట సడలింపు క్రింది పట్టమునకు గాక పై పట్టమునకు జరిగినను, అదియు సడలింపే యయ్యెను.

సడలింపు ద్వారమున లోనికి వచ్చిన పంతుళ్ల గతి యేమయ్యెనో ఉత్తరప్రదేశమును జూచి తెలిసికొనవచ్చును. 1999వ సంవత్సరమున అచ్చటి ప్రభుత్వము ‘శిక్షామిత్ర’ అను పేర ఇంటర్మీడియటు చదివిన స్థానికులను, పదునొకండు నెలల ఒప్పందముపై, కొద్దిపాటి గౌరవవేతనమునకు బడులయందు నియమింప మొదలిడెను. క్రమముగా వారి సంఖ్య 1,78,000 వఱకు పెరిగెను. 2010 ఏప్రిల్ 1 నుండి నిర్బంధ విద్యాహక్కు చట్టము అమలులోనికి రాగా, వారికి దూరవిద్య ద్వారా శిక్షణ నిప్పించి, 2014 మొదలు స్థిరోద్యోగులుగా జేసికొనిరి. సుమారు 1,37,000 మంది అట్లు స్థిరపడిరి. కాని ఉపాధ్యాయ అర్హత పరీక్ష లేకుండ ఆ నియామకములు చెల్లవని 2015 సెప్టెంబరులో అలహాబాదు హైకోర్టును, 2017 జూలై 25వ తేదీని సుప్రీముకోర్టును నిర్ణయించెను. నిన్నటివఱకు ఉపాధ్యాయునిగా పూర్ణవేతనము పొందినవాడు నేడు నెలకు 10,000 రూపాయల గౌరవవేతనమునకు దిగెను. పిల్లల పెండ్లిండ్లు, ఇంటి అప్పులు, ముదిమి వయస్సు — ఇవి యన్నియు నడిమార్గమున నిలిచిపోయెను. ఆనాడు అర్హత అడుగక లోనికి రమ్మని పిలిచినవారు వేఱు, పదునెనిమిదేండ్లకు అర్హత చూపుమని అడిగినవారు వేఱు. మధ్య నలిగినవాడు పంతులు. సడలింపు యువకునికి ఉపకారమని వాదించువారు ఈ యుదాహరణమును మఱువరాదు.

మన ప్రాంతమునను దీనికి పోలిక గలదు. 1980ల నాటి ‘398 రూపాయల స్పెషలు టీచర్ల’ను పెద్దలు ఎఱుగుదురు. ఆ కొలదిపాటి జీతముపై చేసిన సేవకాలమునకు నోషనల్ ఇంక్రిమెంట్ల నిమిత్తము వారు చిరకాలము విజ్ఞాపనలు చేసికొనవలసి వచ్చెను. తలుపు తగ్గించిననాడు తఱచుగ జీతమును తగ్గును. ఆ రెండవ తగ్గింపే అసలు ఉద్దేశమై యుండుటయు కలదు.

ఇపుడు మూలప్రశ్నకు వత్తము. మనకున్నది మనుష్యుల కొఱతయా, నియామకముల కొఱతయా? అమెరికాలో 2022వ సంవత్సరమున ఆరిజోనా రాష్ట్రమువారు పట్టము పూర్తికాకుండ ఇంకను కళాశాలలో చదువుచున్నవారిని కూడ బోధనకు అనుమతించు శాసనము చేసిరి. ఫ్లోరిడావారు పట్టము లేని విశ్రాంత సైనికులకు అయిదేండ్ల తాత్కాలిక అనుమతిపత్రము లిచ్చిరి. అచ్చట పిలిచినను వచ్చువారు తక్కువ. మన స్థితి దీనికి విపరీతము. ఆంధ్రప్రదేశమున 2018 డి.యస్.సి. తరువాత మఱల 2025వ సంవత్సరమునగాని డి.యస్.సి. జరుగలేదు. ఆ 2025 నియామకమున 16,347 కొలువులకు మూడు లక్షలకు పైగా అభ్యర్థులు వచ్చిరి. తెలంగాణమున 2017 నాటి ప్రకటన పిమ్మట మఱల 11,062 కొలువులకు 2024వ సంవత్సరమున పరీక్ష జరిగెను. ఉభయత్ర ఏడేండ్ల యెడము! ఈ యేడేండ్లలో ఒకటవ తరగతిలో చేరిన శిశువు ప్రాథమిక పాఠశాలను దాటిపోయెను. అర్హతగల యువకుడు గదిలో కూర్చుండి అవే పుస్తకములు మఱల మఱల వల్లించుచుండెను. నూతియందు నీరున్నది, చేదను దింపువారు లేరు. అట్టిచోట నీటి కొఱకు చెఱువు బురదను ఏల దేవవలయును?

నిజమైన కొఱత లేకపోలేదు. ఏజెన్సీ గూడెములలో గిరిజనభాష తెలిసిన పంతులు దొరకుట కష్టము. అట్టి తావుల స్థానిక యువతీయువకులను తక్కువ చదువుతోనైనను తీసికొనుట మాకు సమ్మతమే. కాని అందుకు నాలుగు నియమములు కావలెను. బడికి పంపుటకు ముందే కొంత శిక్షణ నీయవలయును. అనుభవము గల పంతులు నొకని వారికి తోడుగా నుంచవలయును. పూర్ణార్హత సంపాదించుటకు గడువు విధించి, ఆ చదువు వ్యయమును ప్రభుత్వమే భరింపవలయును. అర్హత సంపాదించిననాడు పూర్ణవేతనమును, స్థిరత్వమును ఈయవలయును. ఈ నాలుగును లేని సడలింపు బీదవాని బిడ్డకు అరకొఱ పంతులును, బీద యువకునికి అరకొఱ బ్రదుకును ఇచ్చును.

చట్టము సయితము గడువునే నమ్మినది. విద్యాహక్కు చట్టము అర్హత లేనివారికి మొదట అయిదేండ్ల గడువిచ్చెను. 2017 సవరణచే అది 2019 మార్చి 31 వఱకు పొడిగింపబడెను. ఆ సవరణ సమయమున ప్రభుత్వపాఠశాలలలో సుమారు 2.5 లక్షలు, ప్రైవేటు పాఠశాలలలో సుమారు 5.5 లక్షల మంది అర్హత లేని ఉపాధ్యాయులున్నారని కేంద్రమంత్రి తెలిపెను. ఈ రెండవ సంఖ్యను సభవారు గమనింపుడు. ప్రభుత్వ ప్రకటన లేకుండగనే ప్రైవేటు బడులలో సడలింపు ఏనాడో జరిగిపోయినది. మన పోషకులలో పాఠశాలలు నడుపు పెద్దలు గలరు. వారిని వినయపూర్వకముగా కోరునది, తమ బడిలో శిక్షణ లేని పంతులమ్మ యున్నచో ఆమెను తొలగింపక, పరీక్షకు సెలవును, ఫీజునకు ధనమును ఇచ్చి చదివింపుడు. గోడలకు సున్నము వేయించుటకంటె అది బడికి పెద్ద శోభ.

2025 సెప్టెంబరు 1వ తేదీని సుప్రీముకోర్టు చెప్పిన తీర్పు ప్రకారము, అయిదేండ్లకు మించి సేవాకాలము మిగిలియున్న పంతుళ్లు రెండేండ్లలో అర్హత పరీక్ష నెగ్గవలసి యున్నది. ఇరువదియేండ్లు పాఠము చెప్పిన పెద్దవారు మఱల విద్యార్థులై కూర్చుండుట వారికి క్లేశకరము. వారిని నిందింపక, వారి చదువునకు మన వసతిగృహములయందు సాయంకాలములు చోటిచ్చుట మన ధర్మము.

కావున ఈ మహాసభవారు మూడు తీర్మానములు గైకొందురు గాక యని ప్రార్థించుచున్నాము. అర్హతల సడలింపునకు మన సంఘము పక్షమున అర్జీ పెట్టరాదు. ప్రతిసంవత్సరము తప్పక డి.యస్.సి. జరుపుడని అర్జీ పెట్టవలయును. సంఘనిధినుండి ఏటేట కొందఱు బీద యువతీయువకులకు డైట్ శిక్షణ ముగియువఱకు భోజనవసతి కల్పింపవలయును. ఆ సహాయము పొందినవారు కొలువు దొరికినపిదప, తమవలెనే మఱియొకరిని చదివింతుమని మాట ఈయవలయును.

పూర్వపు పెద్దలు పట్టణములలో వసతిగృహములు కట్టించినపుడు, పల్లె పిల్లవానికి చదువు తక్కువైనను చాలునని తలంపలేదు. పైమెట్టు వానికి అందనిచో, వానిని ఆ మెట్టునకు ఎక్కించు సాధనమును వారు కట్టించిరి. మనమును గడపను కోసివేయక, మెట్టును కట్టుదము. 

స్వస్తి.