కోకో కిలో వెయ్యి రూపాయలంట... మన రామకుప్పంలో వేద్దామా?

ఈరోజు ఎపిసోడ్ మన రామకుప్పం నుంచే. నా వెనకాల కనిపిస్తా ఉంది కదా, అది మా చిన్నాయన కొబ్బరి తోట. ఎకరా కూడా ఉండదు. పక్కన టమాటా, అవతల మల్బరీ. నీళ్లకు ఒకే ఒక్క బోరు.

2024 వేసవిలో చిన్నాయన ఫోన్ చేసినాడు. "రేయ్ నాయనా, కోకో గింజలు కిలో వెయ్యి రూపాయలంట కదా. గోదావరి వాళ్లు కొబ్బరి చెట్ల మధ్యలోనే వేస్తా ఉండారు. మనకూ కొబ్బరి ఉంది కదా, వేసేద్దామా?" అన్నాడు. ఎవరో పెట్టిన రీల్ చూసినాడు. అంతటితో ఆగలేదు. పిన్నమ్మ బంగారం బ్యాంకులో పెట్టి మొక్కలు, డ్రిప్ తెద్దామని లెక్క కూడా వేసుకున్నాడు. నాకు భయమేసింది. "రెండు రోజులు టైమ్ ఇవ్వు చిన్నాయనా" అన్నా. ఆ రెండు రోజుల్లో నేను తెలుసుకున్నదే ఈ ఎపిసోడ్.

ముందు ఆ వెయ్యి రూపాయలు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. ప్రపంచంలో పండే కోకోలో సగానికి పైగా రెండే దేశాల్లో పండుతుంది. ఐవరీ కోస్ట్, ఘానా. రెండూ పశ్చిమ ఆఫ్రికాలో పక్కపక్కనే ఉన్నాయి. అక్కడ వానలు గతి తప్పాయి, కాయకుళ్లు వచ్చింది, చెట్టునే చంపే వైరస్ తెగులు పాకింది. పైగా చెట్లు ముసలివైపోయాయి. పంట తగ్గింది. 2023 మొదట్లో టన్ను 2,600 డాలర్ల దగ్గర ఉన్న ధర 2024 మార్చిలో 10,000 దాటింది. డిసెంబర్‌లో 12,000 కూడా దాటింది. ఆ ఊపులోనే ఏలూరు వైపు ఎండు గింజల ధర కిలో వెయ్యి దాకా వెళ్లింది. అంటే మన దగ్గర ధర పెరిగింది మన గొప్పతనం వల్ల కాదు, ఎక్కడో ఇంకొక రైతు నష్టపోయినందుకు.

ఇప్పుడు దేశం లెక్క. ఒక దేశానికి ఒక ఆహారం ఎంత అందుతోందో చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. మనం పండించింది, దానికి దిగుమతి చేసుకున్నది కలపాలి. ఎగుమతి చేసినది, వృథా పోయినది తీసేయాలి. మిగిలినదాన్ని జనాభాతో భాగించాలి. వచ్చేది తలకు ఎంత అందుబాటులో ఉందో చెప్పే సగటు. నువ్వు తిన్న చాక్లెట్ లెక్క కాదు అది.

మన దేశంలో ఏడాదికి పండే కోకో సుమారు 30 వేల టన్నులు. కావాల్సింది లక్ష టన్నులకు పైనే. లక్ష టన్నులను 140 కోట్ల మందికి పంచితే తలకు 70 గ్రాములు. అందులో మన నేల ఇచ్చేది 20 గ్రాములు చిల్లర. మిగతాదంతా బయటి నుంచి రావాల్సిందే. ఆ కొంచెంలో కూడా మొదటి స్థానం మన ఆంధ్రప్రదేశ్‌దే, తర్వాత కేరళ.

"అయితే ఇంకేం, డిమాండ్ ఉంది కదా, వేసేద్దాం" అంటారు. చిన్నాయన కూడా అదే అన్నాడు. ఇక్కడే ఒక పాత కథ వినాలి.

కేరళలో 1960ల నుంచి చాక్లెట్ కంపెనీ ప్రోత్సాహంతో కోకో సాగు మొదలైంది. 70ల చివర్లో మంచి ధర చూసి అందరూ వేశారు. 80ల మొదట్లో ధర పడిపోయింది. కొనేవాళ్లు తక్కువ, గింజలు ఎక్కువ. చాలామంది చెట్లే కొట్టేశారు. ఆ దెబ్బ తర్వాతే కర్ణాటకలోని పుత్తూరులో క్యాంప్కో సహకార సంస్థ 1986లో సొంతంగా చాక్లెట్ ఫ్యాక్టరీ పెట్టింది. అమ్ముకునే దారి రైతు చేతిలో లేకపోతే ఏమవుతుందో వాళ్లకు అప్పటికే తెలిసొచ్చింది.

మనకు ఈ కథ కొత్తా? మదనపల్లె మార్కెట్ తెలిసిన ఎవరినైనా అడగండి. 2023 జూలైలో టమాటా కిలో 150 దాటింది. అది చూసి నాటినవాళ్ల పంట మార్కెట్‌కు వచ్చేసరికి ధర ఎక్కడుందో మీకు తెలుసు. టమాటా అయితే మూడు నెలల్లో తేలిపోతుంది. కోకో కాపుకు రావడానికే మూడేళ్లు పడుతుంది. ఈరోజు ధర చూసి నాటితే, అమ్మేది మూడేళ్ల తర్వాతి ధరకు.

అంతదాకా కూడా పోనక్కర్లేదు. 2025కే గోదావరి రైతులు రోడ్డెక్కారు. ఏడాది కింద వెయ్యి పలికిన గింజకు సగం కూడా ఇవ్వడం లేదని గోల. చివరికి ప్రభుత్వం కలగజేసుకుంది. కంపెనీలు 450 ఇస్తే, పైన 50 తాను కలిపి కిలోకు 500 వచ్చేలా చేసింది.

ఇక మన నేల సంగతి. కోకోకు నీడ కావాలి, గాలిలో తేమ కావాలి, ఏడాదికి 1,500 మిల్లీమీటర్ల దాకా వాన ఉంటే హాయిగా ఉంటుంది. మన వైపు అంత వాన ఎక్కడిది? కొబ్బరి నీడ ఉన్నంత మాత్రాన గోదావరి తేమ రాదు. రెండోది, కాయ కోసి గింజ అమ్మేస్తే అయిపోదు. తెల్ల గుజ్జుతో ఉన్న గింజల్ని ఐదారు రోజులు పులియబెట్టాలి, తర్వాత ఎండబెట్టాలి. చాక్లెట్ వాసన పుట్టేది అక్కడే. ఏలూరు జిల్లా తడికలపూడిలో ఈ పని శ్రద్ధగా చేస్తున్నారు కాబట్టే హైదరాబాద్‌లో 'మనం చాక్లెట్' లాంటిది నిలబడింది. మూడోది, కొనేవాళ్లంతా అటువైపే ఉన్నారు. ఇక్కడి నుంచి ఏలూరు 500 కిలోమీటర్లకు పైనే. రెండు బస్తాల గింజలు పట్టుకుని ఎవరు పోతారు?

ఇదంతా చెప్తే చిన్నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆ రీల్ పెట్టినోడు ఇవన్నీ ఎందుకు చెప్పలేదురా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

బంగారం బ్యాంకుకు పోలేదు. కానీ చిన్నాయన ఊరికే ఉండే మనిషి కాదు. వానాకాలంలో పది మొక్కలు తెచ్చి బోరు పక్కన నాటినాడు. ఎండాకాలంలో నాలుగు పోయాయి, ఆరు బతికాయి. రోజూ పోయి ఆకులు చూసుకుంటాడు. "కాయ కాస్తే తింటా, కాయకపోతే నీడలో కూర్చుంటా" అంటాడు. పది మొక్కలతో నేర్చుకోవడం వేరు, బంగారం పెట్టి నేర్చుకోవడం వేరు.

మీ ఇంట్లో కూడా నాన్నో, మామో ఇలాంటి వీడియో చూసి అడుగుతారు. నవ్వొద్దు, విసుక్కోవద్దు. పక్కన కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి. కాపు ఎప్పుడొస్తుంది? నీళ్లు సరిపోతాయా? మన ఊళ్లో కొనేదెవరు? ఫోన్ మన చేతిలో ఉంది కాబట్టి ఆ రెండు రోజుల పని మనదే.

ఉంటా మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.