సంతకం పెట్టే ముందు ఊరిని అడగండి
(విద్యార్థులు, ఉద్యోగుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నీళ్లు, నిధులు, నియామకాల లెక్క అడిగి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నాం. మన ఊళ్ల నుంచి తరలిపోయే సంపద ఇంకొకటి ఉంది. మన వొంటి సమాచారం, మన ఆకు పసరు, మన ముచ్చట. పరిశోధన పేరుతో వచ్చినవాళ్లు రాసుకొని పోతారు. మళ్లీ ముఖం చూపించరు.

2009 జూలైలో ఏం జరిగింది? అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పధ్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. పాత్ అనే విదేశీ సంస్థ, ఐసీఎంఆర్, నాటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. సుమారు 14 వేల మంది పిల్లలు. హాస్టళ్లలో చదివే ఆదివాసీ బిడ్డలు ఎందరో ఉన్నారు. విచారణలో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకం పెట్టినవే. 1,948 వేలిముద్రలు. గూడెంలో ఉన్న తల్లిని అడిగిందెవరు? 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది.

నేను టీకాకు వ్యతిరేకిని కాను. అది క్యాన్సర్‌ను అడ్డుకునేదే. పిల్లల మరణాలకు టీకా కారణం కాదనే విచారణ సంఘం చెప్పింది. కానీ తల్లిని అడగకుండా చేసిన మేలును ఊరు నమ్మదు.

ఇంకో తీరు కూడా మన గడ్డ చూసింది. 1940లో కొమురం భీమ్ అమరుడైన తర్వాత నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన సర్కారు మనిషే. అయినా మార్లవాయిలో గోండుల నడుమ ఉన్నాడు. గోండి పిల్లలకు బడులు, ఉపాధ్యాయులకు శిక్షణ, భూములకు పట్టాలు వచ్చేందుకు పాటుపడ్డాడు. 1987లో కన్నుమూసిన ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఊరు వాళ్లను ఇప్పటికీ తలుచుకుంటుంది.

మనం అడగాల్సింది ఇదీ. కోయ, గోండి, లంబాడీ భాషల్లో చెప్పి ఒప్పించాలి. వద్దనే హక్కు ఉండాలి. పోయిన కూలికి పైసలు కట్టివ్వాలి. ఫలితాలు మొదట గ్రామసభలో చెప్పాలి. మూలికల జ్ఞానంతో లాభమొస్తే వాటా ఇవ్వాలి. 2002 జీవవైవిధ్య చట్టం చెప్పిందీ అదే.

విద్యార్థి మిత్రులారా, రేపు ప్రశ్నపత్రం పట్టుకొని పల్లెకు పోయేది మీరే. ఉద్యోగ మిత్రులారా, పైఅధికారి పంపిన కాగితం మీ బల్ల మీదికే వస్తుంది. ఆ సంతకం మీది కాదు, పిల్ల తల్లిది. ఆమెను పిలిపించండి.

జై తెలంగాణ!