తండా నుంచి జాగ్రెబ్ దాకా: గుగులోత్ సౌమ్య ఆట, మన బాధ్యత

(తాడేపల్లిలో జరిగిన మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద మన పాటల గురించి, పండుగల గురించి, పోరాడిన మన పెద్దల గురించి చెప్పుకుంటున్నాం. ఈసారి ఒక ఫుట్‌బాల్ క్రీడాకారిణి గురించి చెప్పుకోవాలని కార్యవర్గంలో అనుకున్నాం. ఆమె పేరు గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండాలో 2001లో పుట్టిన లంబాడీ అమ్మాయి. ఇక్కడున్న సుగాలీ కుటుంబాలకు ఆమె మాట, ఆమె ఇంటి భాష కొత్త కాదు. ఎరుకల, యానాది కుటుంబాలకు కూడా ఆమె మన బిడ్డే.

ముందు ఆమె ఆట గురించి. ఫుట్‌బాల్‌లో పదకొండు మంది ఉంటారు. గోలు ఆపేవాళ్ళు వెనక, గోలు కొట్టేవాళ్ళు ముందు. ఈ ఇద్దరికీ మధ్య నిలబడి, బంతిని అందుకుని, ఎదుటి జట్టులో ఎక్కడ సందు ఉందో చూసి, అక్కడికి బంతిని పంపేవాళ్ళను అటాకింగ్ మిడ్‌ఫీల్డర్ అంటారు. సందు కనబడితే తామే దూసుకుపోతారు. సౌమ్యను ఒకచోట మిడ్‌ఫీల్డర్ అని, ఇంకోచోట ఫార్వర్డ్ అని రాస్తారు. ఎక్కువగా మైదానం అంచు వెంట పరుగెత్తి లోపలికి చొచ్చుకొచ్చే ఆట ఆమెది. మొదట ఆమె పరుగు పందాల పిల్ల. ఆ వేగం చూసి నిజామాబాద్‌లో ఒక కోచ్ బంతి చేతికిచ్చారు. ఆ ఒక్క మనిషి ఆ రోజు చూడకపోతే ఈరోజు మనం ఈ పేరు తలచుకునేవాళ్ళం కాదు.

తర్వాత ఆమె దేశమంతా తిరిగింది. కేరళలో గోకులం కేరళ జట్టుకు ఆడింది. 2022లో మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌తో కలిసి యూరప్‌లోని క్రొయేషియా వెళ్ళింది. అక్కడ పరీక్షగా ఆడించి చూసి, డైనమో జాగ్రెబ్ మహిళల జట్టు ఇద్దరినీ తీసుకుంది. తిరిగొచ్చాక కొన్నాళ్ళకు కోల్‌కతాలోని ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరింది. 2024–25 ఇండియన్ విమెన్స్ లీగ్‌లో తొమ్మిది గోల్స్ కొట్టింది. 2025 ఏప్రిల్‌లో కల్యాణి మైదానంలో ఒడిశా జట్టు మీద 1–0తో గెలిచి ఈస్ట్ బెంగాల్ లీగ్ విజేత అయింది. ఆ ఒక్క గోలూ సౌమ్యదే. ఆ ఏడాది దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెనే ఎంపిక చేసింది. అదే ఏడాది జూన్‌లో ఆసియా కప్ అర్హత పోటీల్లో మంగోలియా మీద మన దేశం 13–0తో గెలిచింది. అందులో ఒడిశా ఆదివాసీ అమ్మాయి ప్యారీ ఖాఖా ఐదు గోల్స్ కొడితే, మన సౌమ్య రెండు కొట్టింది.

ఈస్ట్ బెంగాల్‌కు తెలుగు నేల నుంచి వెళ్ళినవాళ్ళలో సౌమ్య మొదటి మనిషి కాదు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం అరవై ఏళ్ళ కిందటే ఆ జట్టుకు నాయకుడిగా ఉన్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నారు. ఆ మరుసటి ఏడాదే జబ్బు చేసి ముప్పై కూడా నిండకుండా ఆట మానుకోవాల్సి వచ్చింది. ఆటగాళ్ళ బతుకు అంత చిన్నది. ఇక ఆడపిల్లల ఆటకు డబ్బు మొన్నటిదాకా లేదు. 2023లోనే సమాఖ్య ఒక నియమం తెచ్చింది: లీగ్‌లో ఆడే ప్రతి జట్టూ కనీసం పదిమంది క్రీడాకారిణులకు ఏడాదికి 3 లక్షల 20 వేల రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని. ఈ లెక్క పిల్లల తల్లిదండ్రులకు తెలియాలి. ఇందులో కోట్లు లేవు, కానీ నిలబడే దారి ఉంది.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. ఇక్కడికి దగ్గరలోనే సీతానగరం. నూరేళ్ళ కిందట అక్కడ సాల్వేషన్ ఆర్మీ వారి సెటిల్‌మెంటు ఉండేది. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి వర్తింపజేశాక, ఎరుకల కుటుంబాలను అలాంటి చోట్ల పెట్టారు. హాజరు పలకాలి. అనుమతి లేకుండా పొలిమేర దాటకూడదు. ఉప్పు మూటలతో, బుట్టలతో ఊరూరూ తిరిగి బతికిన మనుషులకు తిరగడమే నేరమైంది. ఆ చట్టం 1952లో పోయింది. చీటీ లేకుండా ఊరు దాటలేని తాతల కాలం నుంచి, పాస్‌పోర్టుతో జాగ్రెబ్ వెళ్ళి ఆడిన మనవరాలి కాలం దాకా వచ్చాం. ఇది చిన్న మార్పు కాదు.

కానీ అందరి ప్రయాణం ఒకటి కాదు. సంక్రాంతి దాటితే మన కాలనీల్లో సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని ముఠాలుగా మిరప కోతలకు పోతాం. పిల్లలూ వెంట వస్తారు. చిన్నపిల్లను చూసుకోవడానికి పెద్దపిల్ల కావాలి, కల్లంలో కాయ ఆరబెట్టడానికి చేతులు కావాలి. సౌమ్య తొమ్మిది గోల్స్ కొట్టిన లీగ్ ఏ నెలల్లో జరిగిందో చూడండి: జనవరి నుంచి ఏప్రిల్. సరిగ్గా మన పిల్లలు మిరప చేలల్లో ఉండే నెలలు.

ఒక మాట దాచకుండా చెబుతాం. మన కాలనీలో ఒక అమ్మాయి ఉండేది. మగపిల్లలతో సమానంగా పరుగెత్తేది. రెండేళ్ళ కిందట జనవరిలో ఆటల ఎంపికలు ఉన్నాయని సంఘానికి కబురు వచ్చింది. అప్పటికి వాళ్ళ కుటుంబం పల్నాడులో కోతల్లో ఉంది. మేము ఫోన్ చేద్దామనుకుని, రేపు రేపంటూ ఊరుకున్నాం. ఏప్రిల్‌లో వాళ్ళు తిరిగొచ్చాక చెప్పాం. ఆ పిల్ల ఏమీ అనలేదు. మరుసటి ఏడాది బడి మానేసింది. ఇందులో తప్పు ఆ తల్లిదండ్రులది కాదు. వాళ్ళకు కూలీ ఆగితే ఇల్లు ఆగుతుంది. సందు కనబడినా బంతి అందించనిది మేమే.

అందుకే ఈ ఏడాది కార్యవర్గం కొన్ని పనులు తలకెత్తుకుంది. ఆడే పిల్లలు, చదివే పిల్లలు కోతల కాలంలో ఇక్కడే ఉండేలా, కాలనీలో ఉండిపోయే కుటుంబాలు వంతులవారీగా అన్నం పెట్టి చూసుకోవాలి. ఇప్పటికి నాలుగు ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు, ఇంకా కావాలి. పుట్టిన తేదీ పత్రం, కుల ధ్రువపత్రం, ఆధార్ ఎంపికల రోజున వెతుక్కోవడం కాదు, బళ్ళు తెరిచే జూన్‌లోనే చేయించాలి. వయసు రుజువు లేకపోతే ఎంత ఆట ఉన్నా బయటే నిలబెడతారు. ఎంపికల కబురు వచ్చిన రోజే ఫోన్ చేసే పని ఇద్దరు యువకులకు అప్పగించాం. చివరిది, పద్దెనిమిది నిండని పిల్ల పెళ్ళికి సంఘం నుంచి ఎవరూ వెళ్ళం. బంధువులు కోపగించుకున్నా సరే.

ప్రతి పిల్లా సౌమ్య కాదు. కావాల్సిన అవసరమూ లేదు. ఆటలో నాలుగేళ్ళు ఉన్న పిల్ల ఆ నాలుగేళ్ళూ బడిలో ఉంటుంది. మాకు అదే పెద్ద గెలుపు.

వచ్చే సంక్రాంతి తర్వాత తాళం పడిన ఇళ్ళను లెక్కపెడదాం. ఆ ఇళ్ళ పిల్లల్లో ఎంతమంది ఇక్కడ బడికి, మైదానానికి వస్తున్నారో కూడా లెక్కపెడదాం. ఆ రెండో లెక్కను వచ్చే వార్షిక సభలో ఇక్కడే మీ ముందు చదువుతాం. తక్కువగా ఉంటే మమ్మల్ని నిలదీయండి.