పదో తరగతి తర్వాత మళ్లీ పుస్తకం పట్టిన
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడర్ మాట్లాడిన మాటలు)

పొదుపు లెక్కలు ఈ పుస్తకంలోనే వెనక పేజీలల్ల ఉన్నయి. నన్ను నా చదువు గురించి చెప్పమన్నరు, అదే చెప్తా.

పదో తరగతి పాసైనంక పెండ్లయి మాదాపూర్ వచ్చిన. హైటెక్ సిటీ ఆఫీసులల్ల ఎనిమిదేండ్లు హౌస్‌కీపింగ్ చేసిన. అక్కడ పెద్ద జీతాలోళ్లు కూడా కంప్యూటర్ ముందట తల పట్టుకుని కూసునేటోళ్లు. ఒకసారి ఒక అమ్మాయి బాత్రూంల కూసుని ఏడుస్తుంటే నీళ్ల బాటిల్ ఇచ్చిన. "ఏమైందమ్మా" అంటే "ఏం కాలేదు ఆంటీ" అన్నది. ఏం కాకుంటే ఎందుకు ఏడుస్తది? ఆ ప్రశ్న నన్ను విడువలే.

మా పాప టెన్త్ పుస్తకాలు తిరగేస్తుంటే నాకూ ఇంటర్ చదవాలనిపించింది. ఎన్‌ఐఓఎస్ అని కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ ఉన్నది, 1989లో మొదలైంది. రోజూ క్లాసుకు పోయే పని లేదు. ఒకసారి చేరితే ఐదేండ్ల టైం, తొమ్మిది సార్లు పరీక్ష రాసుకోవచ్చు. పాసైన సబ్జెక్టు మార్కులు అట్లనే ఉంటయి, మిగిలినవే మళ్లీ రాయాలె. సబ్జెక్టులల్ల సైకాలజీ కనబడంగనే టిక్కు పెట్టిన. పాఠాలు 'స్వయం'ల ఫోన్‌లనే ఫ్రీగా దొరుకుతయి. అర్థం కాని ఇంగ్లీషు మాటలు పాప చెప్పేది, చెప్పినందుకు చాక్లెట్ అడిగేది.

రాత్రి పది దాటినంక చదివితే పొద్దుగాలకు ఒక్క ముక్క గుర్తుండేది కాదు. నా మెదడు తుప్పు పట్టిందనుకున్న. తర్వాత ఎబ్బింగ్‌హౌస్ పాఠం వచ్చింది. జర్మనీ ఆయన, అర్థం లేని అక్షరాలు బట్టీ పట్టి తన జ్ఞాపకాన్ని తనే పరీక్ష పెట్టుకున్నడు. 1885లో పుస్తకం రాసిండు. నేర్చుకున్నదాంట్లో సగానికి ఎక్కువ గంటలోపలనే పోతదట, తర్వాత పోయేది నెమ్మదిగా పోతదట. అంత చదువుకున్నాయనకే అట్లయితే నాదెంత! అప్పటిసంది రాత్రి చదివింది పొద్దున అన్నం వండుకుంట ఒకసారి, బస్సుల ఒకసారి చెప్పుకుంటున్న. సంఘంల కూడా పోయిన వారం తీర్మానం చదివినంకనే కొత్త మాట ఎత్తుతున్నం. "నాకు చెప్పలే" అనే లొల్లి తగ్గింది.

ఇప్పుడు చెప్పేది చెప్పాలంటే కొంచెం సిగ్గుగనే ఉన్నది. మా సంఘంల ఒక చెల్లె రెండు కిస్తులు కట్టలే. మీటింగుల అందరి ముందట నిలబెట్టి అడిగిన. "పంచసూత్రాలు నీకొక్కదానికి వర్తించవా? నీకు బాధ్యతే లేదు" అన్న. ఆమె తల వంచుకుని పోయింది. తర్వాతి వారం రాలే, ఆ పై వారం కూడా రాలే.

అదే నెలల ఎదుటి మనిషిని మనం ఎట్లా అంచనా వేస్తమో చెప్పే పాఠం చదివిన. వేరేవాళ్లు తప్పు చేస్తే వాళ్ల గుణం అంటం, మనం చేస్తే పరిస్థితి అంటం. అమెరికాల లీ రాస్ అనే ప్రొఫెసర్, ఎదుటివాళ్ల పరిస్థితిని చూడకుండా గుణాన్నే చూసే తీరుకు 1977లో ఒక పేరు కూడా పెట్టిండు. పుస్తకం మూసేసిన. ఎందుకంటే అంతకు ముందు మా అమ్మ దవాఖానల ఉన్నప్పుడు నా కిస్తు పది రోజులు లేటైంది. నన్నెవరూ నిలబెట్టలే, లీడర్‌ను గదా.

మర్నాడు ఆమె ఇంటికి పోయిన. పనిచేసే చోట కాంట్రాక్టు మారి ఆమెకు నెలన్నర జీతం రాలేదట. ఫోన్‌ల లోన్ యాప్‌ల అప్పు తీసుకున్నదట. వాళ్లు చుట్టాలకు ఫోన్లు చేస్తున్నరట. "నిద్ర పడ్తలేదక్కా" అన్నది. 14416కు ఫోన్ చేయమన్న. టెలి మానస్ అని సర్కారుదే, ఫ్రీ, 24 గంటలు పలుకుతరు, తెలుగుల మాట్లాడొచ్చు. నా ముందటనే చేసింది. నేను బయట మెట్ల మీద కూసున్న.

సంఘంల తీర్మానం చేసినం. కిస్తు ఆగితే ముందు ఇద్దరం ఇంటికి పోయి కారణం అడగాలె, ఆ తర్వాతనే మీటింగుల మాట్లాడాలె. ఇట్లయితే వసూళ్లు పడిపోతయని ఇద్దరు అక్కలు గట్టిగా కాదన్నరు. వాళ్ల భయం తప్పనను, బ్యాంకు మన కథలు వినదు. ఇంటికి పోవుడు ఒకటి, కిస్తు మాఫీ చేసుడు ఇంకొకటి అని చెప్పినంకనే సంతకం పెట్టిన్రు. ఆ చెల్లె ఇప్పుడు కిస్తు కడ్తున్నది, బిడ్డతోని పంపిస్తది. తను మాత్రం ఇంకా మీటింగుకు రాలే. నేను రెండుసార్లు పిలిచిన.

ఇంత చెప్తున్న నాకు ఏప్రిల్ పరీక్షల సైకాలజీల 27 వచ్చినయి. పాసుకు వందకు 33 కావాలె. తెలుగు పాసైన. జవాబులు తెల్సు గానీ, టైంకు రాసుడు చేతకాలే, చెయ్యి గుంజింది. అక్టోబర్‌ల మళ్లీ రాస్తున్న. రోజుకు రెండు పేజీలు గడియారం పెట్టుకుని రాస్తున్న. ఇంకా ఎనిమిది సార్లు ఉన్నయి గదా అని మా ఆయన నవ్వుతడు.

చేరాలనుకునే వాళ్లు పదో తరగతి మెమో, ఆధార్, ఫోటో పట్టుకుని శనివారం సాయంత్రం మా ఇంటికి రాండి. ఫారం ఫోన్‌లనే నింపుదం. మా పాప ఉంటది, చాక్లెట్లు మాత్రం మీరే తేవాలె.