ధర్మార్థపు వేలము

వేలము అను మాట వినినంతనే మన రాయలసీమ రైతు గుండె ఒకమారు ఉలికిపడును. అందులకు కారణము లేకపోలేదు. వాన తప్పిన యేడు పంట చేతికి రాదు. పంట రానిచో అప్పు తీరదు. ఊరిలో తప్పెట మ్రోగును. చావడి గోడకు కాగితము అంటింతురు. తాతల నాటి చేను మూడు పిలుపులలో అన్యుల పాలగును. నేను బాలుడనై యుండగా, జమ్మలమడుగు ప్రాంతమున మా పల్లెకు కోర్టు అమీను వచ్చి, మా నాయనగారి బాకీ క్రింద మూడెకరముల చేనును వేలము వేయించెను. చావడి గోడమీద మా నాయనగారి పేరు పెద్ద యక్షరములతో నుండెను. "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అని బంట్రోతు అరచిన కేక ఇంటిలోనికి వినబడినప్పుడు మా యమ్మ తలుపు వేసికొనెను. ఆనాటి నుండి వేలము జరుగు చోట నేను నిలువలేదు. గుడి ముంగిట టెంకాయల యంగడికి పాట జరుగుచున్నను ప్రక్క సందున పోయెడివాడను.

అట్టి నేను గడచిన సంవత్సరము ప్రొద్దుటూరిలో ఒక వేలమునకు నా కాళ్లతో నేనే నడచిపోతిని. ఆ ముచ్చట మీతో చెప్పుకొనుటకే ఈ ప్రసంగము.

నా మేనల్లునికి "పాడుతా తీయగా" యను టెలివిజన్ కార్యక్రమమన్న ప్రాణము. అది 1996లో ఈటీవీలో ఆరంభమైనది. గాయకులు శ్రీ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు అందు పిల్లల పాట విని, మెచ్చుకొనవలసిన చోట మెచ్చుకొని, తప్పిన చోట తామే పాడి చూపి దిద్దెడివారు. రాత్రి భోజనములు ముగించుకొని ఇంటిల్లిపాదియు ఆ పెట్టె ముందు చేరెడిది. పాట నేర్వనివారికి కూడ శ్రుతి యన నేమి, లయ యన నేమి అని కొంత తెలిసినది ఆ కార్యక్రమము వలననే. 2020 సెప్టెంబరు 25వ తేదీన ఆయన గతించినప్పుడు, ఆయనను ఎన్నడును కన్నులార చూడనివారు సైతము ఇంటిలోని మనిషి పోయినట్లు దుఃఖించిరి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలలోని అట్టి అభిమానులు కొందరు కలిసి ఒక ఆదివారము నాడు ప్రొద్దుటూరిలోని ఒక కల్యాణమండపమున కూడుదమని నిశ్చయించుకొనిరి. ఉదయము పాటలు, మధ్యాహ్నము భోజనము, సాయంకాలము వేలము. వచ్చిన సొమ్ము చెవుడు గల పిల్లలకు. "మామా, పాట వినేవాళ్లం మనం. వినలేని పిల్లోళ్లకు ఏమన్నా చేస్తే బాగుంటాది గదా. నువ్వు రావాల" అని నా మేనల్లుడు పిలిచినప్పుడు కాదనుటకు నాకు నోరు రాలేదు.

ఇట్టి కూటములు లోకమునకు క్రొత్తవి కావు. అమెరికాలో 1966 మొదలు 1969 వరకు "స్టార్ ట్రెక్" అను అంతరిక్షయాత్రల కథ టెలివిజన్‌లో ప్రసారమైనది. అది నిలిచిపోయిన తరువాత, 1972 జనవరిలో దాని యభిమానులు న్యూయార్కులోని ఒక హోటలులో సమావేశమైరి. కొన్ని వందల మంది వత్తురని నిర్వాహకులు తలంపగా, మూడు వేలకు పైగా జనము వచ్చిరి. అప్పటి నుండి దేశదేశములలో ఇట్టి కూటములు పెరిగినవి. నటులు ధరించిన దుస్తులు, కథ వ్రాసిన కాగితములు, చేవ్రాలుతో కూడిన పటములు వేలము వేసి, ఆ సొమ్మును ఆసుపత్రులకో అనాథలకో పంపుట పలుచోట్ల ఆచారమైనది.

మన దేశమున దీనికి ఇంకను పాత మూలము కలదు. 1933–34 సంవత్సరములలో గాంధీమహాత్ముడు హరిజన నిధికై దేశమంతయు తిరిగినప్పుడు, తనకు సమర్పించిన సన్మానపత్రములను, వానినుంచిన వెండి పేటికలను సభలోనే వేలము వేసెడివాడు. చేవ్రాలు కోరినవారి వద్ద అయిదు రూపాయలు నిధికి పుచ్చుకొని గాని చేవ్రాలు చేసెడివాడు కాడు. ఇక మన తెలుగునాట హైదరాబాదు చెంత బాలాపూరులో వినాయకుని లడ్డు వేలము 1994లో 450 రూపాయలతో మొదలై, 2025లో 35 లక్షల రూపాయలకు చేరినది. ఆ సొమ్ముతో ఆ యూర గుళ్లకు, ఇతర కార్యములకు ఉపకారము జరిగినది. లడ్డు తూకమునకు ఆ ధర రాలేదు. భక్తియు, పదిమందిలో పేరును కలిసి ఆ ధరను పలికించినవి. ధర్మార్థపు వేలమునందు పలుకు వెల వస్తువు వెల కాదు అని చెప్పుటకు ఇంతకన్న నిదర్శనమేల?

ఇక ప్రొద్దుటూరి మండపమునకు వత్తము. వేదిక మీద ఒక బల్ల. బల్ల మీద పాత క్యాసెట్లు, ఒక ట్రాన్సిస్టరు, ఒక శ్రుతిపెట్టె, ఒక శాలువ, బాలసుబ్రహ్మణ్యం గారి చేవ్రాలుతో ఒక పటము, అట్ట చినిగిన ఒక నోటుపుస్తకము. పాట పెట్టినవాడు ఒక బట్టల యంగడి యువకుడు. సుత్తికి బదులు కంచుపళ్లెము మీద గరిటెతో కొట్టుచుండెను. మొదటి వస్తువునకు అతడు "ఒకటోసారి" అన్నప్పుడు నా యొడలు జలదరించినది. కాని చుట్టును చూడగా జనులు నవ్వుచుండిరి. పిల్లలు చప్పట్లు కొట్టుచుండిరి. అదే కేక, అవే మూడు పిలుపులు. ఇచ్చట మాత్రము ఎవ్వరి యింటను తలుపు మూయబడలేదు.

చేవ్రాలు గల పటమునకు పాట చురుకుగా సాగినది. అయిదు వందలతో మొదలై మూడు వేలకు చేరినది. అంతలో ఒక కుఱ్ఱవాడు లేచి, "అన్నా, ఇది అసలు సంతకమేనా?" అని అడిగెను. మండపము నిశ్శబ్దమైనది. పటమును ఇచ్చినవాడు పులివెందుల నుండి వచ్చిన ఒక చీనీతోట రైతు. అతడు లేచి నిలుచుండి, "ఆయన పెట్టంగా నేను చూడలేదప్పా. మా బావ మద్రాసులో కొని తెచ్చినాడు. అసలుదని ఒట్టు పెట్టమంటే పెట్టలేను" అనెను. నా వెనుక నెవరో, "ధర్మానికే గదా, ఇప్పుడదంతా ఎందుకు?" అని గొణిగిరి. పాట పెట్టిన యువకుడు క్షణకాలము ఆలోచించి, జరిగిన పాటను రద్దు చేసి, "ఇది పటము మాత్రమే; సంతకము సంగతి మాకు తెలియదు" అని చెప్పి మరల మొదలు పెట్టెను. పటము ఏడు వందలకు పోయినది.

రెండు వేల మూడు వందలు నష్టము వచ్చెనని కొందరు విచారించిరి. నాకు మాత్రము అది లాభముగనే తోచినది. ధర్మకార్యమను నీడలో చిన్న యబద్ధము సుఖముగ నిద్రించును. దానిని లేపుటకు ఎవ్వరికిని మనసొప్పదు. కాని ఒక వస్తువు విషయమున అబద్ధమును సహించినచో, తక్కిన వస్తువుల మీదను, తుదకు సొమ్ము లెక్క మీదను నమ్మిక యెట్లు నిలుచును? ఆ రైతు చెప్పిన మాట తరువాత మండపములో పాట మందగింపలేదు, మరింత హెచ్చినది.

చివరకు నోటుపుస్తకము వచ్చినది. అది ప్రొద్దుటూరిలో మగ్గము నేయు ఇంటి యిల్లాలిది. వారమువారము టీవీ ముందు కూర్చుండి, పిల్లలు పాడిన పాటలను విన్నవి విన్నట్లు వ్రాసికొన్నది. వినబడని మాట చోట చుక్కలు పెట్టి, మరియొకప్పుడు ఆ పాట వినినపుడు వేరొక సిరాతో నింపినది. అట్టివి పదునొకండు సంవత్సరముల పాటలు. ఆ పుటలు త్రిప్పినప్పుడు నలుబది యేండ్లు బడిలో కాపీపుస్తకములు దిద్దిన నా చేయి ఆగలేదు. వెయ్యి యంటిని. ఒక బంగారపు వర్తకుడు రెండు వేలనెను. నేను మూడంటిని. ఆయన నాలుగనెను. ఏదో ఆవేశము నన్ను పట్టినది. అది పుస్తకము మీది ప్రేమయో, వర్తకుని గెలువవలెనను పంతమో నేడును చెప్పలేను. ఆయన అయిదువేల అయిదు వందలు అన్నప్పుడు నేను ఆరు వేలు అంటిని. ఆయన నవ్వి, చేతులు జోడించి కూర్చుండెను. కంచుపళ్లెము మ్రోగినది.

నా జేబులో నున్నవి పదునాలుగు వందలు మాత్రమే. ఆ సంగతి పళ్లెము మ్రోగిన తరువాతనే నాకు స్ఫురించినది. నిధి లెక్కలు చూచువాడు ఒకప్పుడు నా శిష్యుడు. "రేపిచ్చినా పర్వాలేదు, అయివారూ" అని పుస్తకమును నా చేతిలో పెట్టి, బాకీల క్రింద నా పేరు వ్రాసికొనెను.

జమ్మలమడుగు బస్సులో కూర్చుండినప్పటి నుండి నా మనసు వాదములు వెదకుట మొదలిడినది. ఇది అప్పు కాదు గదా, దానమే గదా. మూడు వేలిచ్చినను ఆ పిల్లలకు లాభమే గదా. నన్ను నిలదీసి యడుగువారెవరు? ఇంటికి చేరి ఆ మాటలే నా భార్యతో అంటిని. ఆమె పుస్తకమును త్రిప్పి చూచుచు, తల యెత్తకయే, "పాడేటప్పుడు సగమే పాడినారా?" అనెను.

మరునాడు ఉదయమే ప్రొద్దుటూరికి పోయి మిగిలిన సొమ్ము చెల్లించితిని. ఇంటి వరకు చెప్పవలసిన ఈ సంగతిని ఆకాశవాణిలో చెప్పుటకు కారణమున్నది. ధర్మార్థపు వేలములో పాడి, పిదప ఇయ్యని బాకీలు మన యూళ్లలో తక్కువ కావు. జాతరలో పాడినది మరుసటి జాతర వరకు, అది దాటినచో ఆపై జాతర వరకు సాగును. అడుగువారికి మొగమాటము, ఇయ్యవలసినవారికి ధీమా. అప్పులవాడు కోర్టునకు పోగలడు. వినలేని పిల్లవాడు ఎక్కడికి పోగలడు?

మరియొక సంగతి కూడ అచ్చట నేర్చుకొంటిని. వేలములో గెలిచినవాడొక్కడే ఇచ్చును. ఓడిన పదిమందియు తాము ఇయ్యదలచిన సొమ్మును జేబులోనే యుంచుకొని ఇంటికి పోవుదురు. చందాపుస్తకముతో పోల్చినచో వేలమునకు ఇది లోపము. ఆ యువకులు దీనిని గుర్తించిరి. పాట ముగియగనే పళ్లెమును మండపమంతయు త్రిప్పి, "ఓడినవాళ్లు తమ కడపటి పాటలో పదోవంతు వేయండి" అని కోరిరి. బంగారపు వర్తకుడు వేయి రూపాయలు వేసెను. ఆ పళ్లెములో చేరిన సొమ్ము కొన్ని వస్తువుల ధరను మించినది. వేలము జరుపువారు ఈ పద్ధతిని తప్పక అవలంబింపవలెను.

సొమ్మును వ్యయపరచుటలోను వారు తొందరపడలేదు. చెవియంత్రము ఒకమారు ఇచ్చినంత మాత్రమున పిల్లవానికి మాటలు రావు. బ్యాటరీలు అరుగుచుండును. పిల్లవాడు పెరిగినకొలది చెవి పెరుగును. చెవిలో నమర్చు అచ్చును మరల చేయింపవలెను. విన్న శబ్దమును మాటగా గుర్తించుటకు నెలల తరబడి శిక్షణ కావలెను. అందులకై తల్లి కూలి మానుకొని బస్సెక్కి పోవలెను. యంత్రము ఏదో విధమున దొరకిన పిల్లలకు సైతము ఈ ఖర్చులకు లేక అది పెట్టెలో మూలబడుట కలదు. కనుక వారు సొమ్మంతయు యంత్రములకే వెచ్చింపక, అచ్చులకు, బ్యాటరీలకు, బస్సుచార్జీలకు కొంత నిలువ యుంచిరి. పేరు వచ్చునది యంత్రము నిచ్చినవానికి. ఫలము దక్కించునది బ్యాటరీ కొనిచ్చినవాడు.

నెల గడచిన పిదప పనిమీద ప్రొద్దుటూరికి పోయి ఆ మండపము ముందుగ నడచుచుండగా, గోడమీద ఒక కాగితము కనబడినది. దూరము నుండి చూచినప్పుడు నా చిన్ననాటి చావడి గోడ జ్ఞప్తికి వచ్చి ఒక క్షణము నిలిచిపోతిని. దగ్గరకు పోయి చదివితిని. అది వేలపు లెక్క. ఏ వస్తువు ఎవరిచ్చినది, ఎవరు పాడినది, ఎంతకు పోయినది, దేనికి ఎంత ఖర్చైనది, నిలువ యెంత — పైసలతో సహా వ్రాసి యుండెను. పటము వరుసలో "సంతకము నిర్ధారణ కాలేదు" అని యుండెను. నోటుపుస్తకము వరుసలో నా పేరు, ఆరు వేలు అను అంకె, దాని ప్రక్కన "చెల్లినది" అను ఒక్కమాట.

ఆ పుస్తకము ఇప్పుడు మా యింటనున్నది. పాటలు నేర్చుకొను పిల్లలు వచ్చి అడిగినచో ఇచ్చుచున్నాను. ఇంకను చుక్కలుగనే మిగిలిన చోట్లు అందు కొన్ని కలవు. పాట తెలిసినవారు వచ్చినప్పుడు నా భార్య వారి చేత ఆ మాట చెప్పించుకొని నింపుచున్నది.