కళాశాల విద్యలో నూతన సాధనములు - గ్రామ పంచాయతీల కర్తవ్యము

(లాలాపేట్‌లో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



గ్రామ పరిపాలనా భారమును వహించుచున్న మీతో లాలాపేట్‌లో మాటలాడు అవకాశము లభించినందులకు మేము సంతసించుచున్నాము. ఇచ్చటికి చేరువనే తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము ఉన్నవి. మీ గ్రామములనుండి వచ్చి ఆ ఆవరణమున పట్టభద్రులైనవారు ఎందరో కలరు. కళాశాల చదువులోనికి నూతన సాధనములు వచ్చినవి. వాని ఫలము ఊరి విద్యార్థికి అందుటకు మీరు చేయదగిన పని యేమో మనవి చేయుటయే నేటి మా ఉద్దేశము.

విద్య కొరకు సాధనములను సమకూర్చుకొనుట ఇచ్చట క్రొత్త గాదు. 1918లో ఈ విశ్వవిద్యాలయము ఉర్దూ బోధనాభాషగా ఆరంభమైనప్పుడు ఆ భాషలో పై చదువులకు తగిన శాస్త్రగ్రంథములు చాలినన్ని లేకుండెను. అందుచే ఒక అనువాద శాఖను నెలకొల్పి గ్రంథములను తర్జుమా చేయించి అచ్చువేయించిరి. నాటి నూతన సాధనము అచ్చుయంత్రమే.

తరువాత నక్షత్రములను పరిశీలించుటకు పెద్ద దూరదర్శిని కావలసివచ్చెను. నగరపు దీపకాంతి అట్టి పరిశీలనకు అడ్డు. కావున 48 అంగుళముల దూరదర్శినిని నేటి రంగారెడ్డి జిల్లాలోని జపాల్, రంగాపూర్ గ్రామముల చెంత 1968-69 ప్రాంతమున నెలకొల్పిరి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణము కలిగినప్పుడు శాస్త్రజ్ఞులు అచ్చటికి పోయి పరిశీలనలు జరిపిరి. నగరములోని విద్యకు పల్లె ఆకాశము తోడ్పడిన దినమది.

పాఠమే పల్లెకు పోవుట మరియొక మార్గము. 1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరము పాటు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు అందినవి. ఆ ఆరింటిలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడి, ఉద్యోగము విడువలేనివారికిని, ఇల్లు విడువలేని స్త్రీలకును డిగ్రీ చదువు అందుబాటులోనికి తెచ్చెను. 2017లో వచ్చిన 'స్వయం' ద్వారా కళాశాల పాఠములను అంతర్జాలమున వినవచ్చును. 'స్వయం ప్రభ' పాఠములు డిష్ ద్వారా టెలివిజన్‌లోనే వచ్చును. 'శోధగంగ'లో విశ్వవిద్యాలయముల పరిశోధన గ్రంథములను రుసుము లేకయే చదువుకొనవచ్చును.

పరిశోధన వలన రైతునకేమి లాభమని మీరడుగవచ్చును. సాంబ మసూరి వరి మీరెరిగినదే. దానికి బాక్టీరియా ఆకు ఎండు తెగులు పెద్ద శత్రువు. తార్నాక చేరువనున్న సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులును, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థవారును కలసి ఆ తెగులును తట్టుకొను మూడు జన్యువులను ఈ వరిలోనికి తెచ్చిరి. ప్రతి తరములోను తెగులు సోకువరకు వేచియుండక, లేత మొక్క ఆకు ముక్కను పరీక్షించి కావలసిన జన్యువులున్న మొక్కలను ఏరుకొనిరి. ఆ మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలయ్యెను. ప్రయోగశాలలోని పరికరము పొలమునకు చేరిన విధమిది.

ఇక మా లోపమును గూడ చెప్పవలెను. 2020 మార్చిలో కోవిడ్ వలన కళాశాలలు మూతపడి విద్యార్థులు ఊళ్లకు మరలిరి. పాఠములు ఫోనులలో జరుగుచున్నవని మేము ప్రకటనలు వ్రాసితిమి. పిమ్మట ఒక గ్రామమునకు పోగా, డిగ్రీ చదువు బాలిక యొకతె మమ్ము చూచి, "అయ్యా, ఇంటిలో ఉన్నది ఒక్క ఫోను. అది నాయనతో పొలమునకు పోవును. సాయంత్రము వచ్చుసరికి పాఠము ముగియును" అనెను. ఆ ఊరి గ్రంథాలయపు గదికి తాళము వేసియున్నది. మేము వ్రాసిన ప్రకటన మాత్రము ఆ తలుపు మీదనే అంటించియుండెను. ప్రకటన చేయుటతో పని ముగిసినదని తలచుట పొరపాటని ఆనాడు మాకు బోధపడెను. ఆ తాళపుచెవి కళాశాల చేతిలో లేదు. ఊరి పెద్దల చేతిలో నున్నది.

కావున మీరు చేయదగిన పనులు నాలుగు గలవు. గ్రంథాలయమునో, పంచాయతీ గదినో సాయంవేళ దీపముతో తెరచియుంచుడు. పంచాయతీ కార్యాలయమునకు అంతర్జాల సౌకర్యమున్నచో విద్యార్థులకును కొంత సమయము కేటాయింపుడు. లేనిచో డిష్ గల టెలివిజన్ నొకదానిని వారి పాఠములకు విడువుడు. ఆడపిల్లలు భయము లేక వచ్చి పోవుటకు వేళను నిర్ణయించి, బాధ్యత గల యొక పెద్దను అచ్చట ఉంచుడు. బావుల నీటిమట్టమునో, పిల్లల పోషణనో పరిశోధించుటకు విద్యార్థి వచ్చినప్పుడు నిజమైన వివరములు చెప్పి, ఆ పరిశోధన ఫలితమును ఊరికి వచ్చి వినిపింపుమని అడుగుడు. అడుగుట మీ హక్కు.

ఒక్క హెచ్చరిక. యంత్రము గురువు కాదు. ఈ పాఠములలో పెక్కు ఆంగ్లములో నున్నవి. తెలుగు మాధ్యమమున చదివినవారికి వానిని విడమరచి చెప్పు మనిషి కావలెను. సెలవులకు ఊరు వచ్చిన పై తరగతుల విద్యార్థి వారమున కొకమారు ఆ గదిలో కూర్చున్నను ఎంతో మేలు. చూచి వ్రాసినది చదువు కాదనియు, తెరపై కనబడినదెల్ల సత్యము కాదనియు పిల్లలకు చెప్పవలసినది కూడ మనుష్యులే.

బడికి దారి వేయించిన పంచాయతీని ఊరు మరువదు. నేటి కళాశాలకు దారి ఆ చిన్న గదిలోనుండియే పోవుచున్నది. మీరు ఊరు చేరిన పిమ్మట గ్రామసభలో ఈ విషయమును ప్రస్తావించి, ఆ గది తలుపు తెరపింతురని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాము.